చక్రం కింద రాయి పెట్టే బండికి రెండో బ్రేకు ఏది?

పొదిలి: పొదిలి నుంచి మార్కాపురం, దర్శి, కనిగిరి, ఒంగోలు వైపు వెళ్ళే రోడ్ల పక్కన ఆగి ఉన్న ఆటోలను, జీపులను, మినీ లారీలను కాసేపు పరిశీలిస్తే ఒక సంగతి ఎవరికైనా కనిపిస్తుంది. నేల కాస్త వాలుగా ఉంటే చాలు, బండి ఆగీ ఆగకముందే దాని చక్రం కింద ఒక రాయి వచ్చి చేరుతుంది. క్లీనరు ఉన్న బండి అయితే అతనే రాయి పట్టుకుని కిందికి దూకుతాడు. క్లీనరు లేకపోతే ప్రయాణికుల్లో ఎవరో ఒకరు ఆ పని చేయవలసి వస్తుంది. కొందరు డ్రైవర్లు ఒక మంచి రాయిని ఏరి సీటు కింద పెట్టుకునే తిరుగుతారు. పడమటి పల్లెల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, దీన్ని ఒక లోపంగా ఎవరూ భావించడం లేదు.

అయితే ఆ రాయి చెప్పకనే చెబుతున్న మాట ఒకటి ఉంది. ఆ బండి హ్యాండు బ్రేకు మీద దాని డ్రైవరుకే నమ్మకం లేదు. ఆగి ఉన్న బండికి బ్రేకు బదులు రాయి పెట్టుకోవచ్చు. కాని జనంతో, సరుకుతో వాలులో దిగుతున్న బండికి కాలి బ్రేకు దెబ్బతింటే అప్పుడు చక్రం కింద రాయి పెట్టేవారెవరు? బండి నడుస్తుండగా హ్యాండు బ్రేకు వాడవచ్చునా, వాడితే ఏమవుతుంది, అసలు అంతవరకు రాకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నలకు ఈ ప్రాంతంలో సరైన సమాధానం తెలిసినవారు తక్కువ. ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు రోజూ ఏదో ఒక బండి ఎక్కుతున్న ఈ రోజుల్లో ఈ విషయం డ్రైవర్లకు మాత్రమే వదిలేయదగినది కాదు.

రెండు అపోహలు

నడుస్తున్న బండిలో హ్యాండు బ్రేకు లాగడం గురించి జనంలో రెండు రకాల నమ్మకాలు ఉన్నాయి. గుర్రానికి కళ్ళెం లాగినట్టు దాన్ని లాగితే బండి ఉన్నచోటనే నిలబడిపోతుందని కొందరు అనుకుంటారు. ఎక్కడ ప్రమాదం జరిగినా "డ్రైవరు హ్యాండు బ్రేకు లాగి ఉంటే ఇంత జరిగేది కాదు" అన్న మాట టీ కొట్ల దగ్గర వినిపించడం ఇందువల్లనే. మరికొందరు దానికి భిన్నంగా, బండి కదులుతుండగా హ్యాండు బ్రేకును ముట్టుకోనే కూడదనీ, ముట్టుకుంటే బోల్తా పడడం ఖాయమనీ అంటారు. ఈ రెండింటిలోనూ సగం నిజమే ఉంది. ఆ మిగతా సగం తెలియకపోవడమే ప్రాణాల మీదికి తెస్తోంది.

కార్లు, జీపులు, చిన్న సరుకు బండ్లలో కాలితో తొక్కే బ్రేకు నూనె ఒత్తిడి మీద పని చేస్తుంది. పెడలు తొక్కగానే గొట్టాల్లోని బ్రేకు ఆయిలు నాలుగు చక్రాల దగ్గరకూ ఒత్తిడిని చేరవేస్తుంది. హ్యాండు బ్రేకు దారి వేరు. లీవరును పైకి లాగితే ఒక ఉక్కు కేబులు బిగిసి, సాధారణంగా వెనక రెండు చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. దీనికి ఆయిలుతో సంబంధం లేదు. గొట్టం పగిలి ఆయిలంతా కారిపోయినా కేబులు తన పని తాను చేయగలదు. ఒక దారి మూసుకుపోయినా ఇంకొక దారి మిగిలి ఉండాలన్న ముందుచూపుతోనే ఈ ఏర్పాటు చేశారు.

కాబట్టి హ్యాండు బ్రేకు ముఖ్యంగా ఆగిన బండి కదలకుండా ఉంచడానికి పెట్టినది. ఎత్తు మీద ఆగిన బండి వెనక్కి జారకుండా ముందుకు కదిలించడానికి కూడా అది పనికివస్తుంది. కాలి బ్రేకు పూర్తిగా పోయినప్పుడు మాత్రం అది ఆఖరి ఆధారం. అయితే ఆ ఆధారాన్ని వాడే పద్ధతి ఒకటి ఉంది.

గట్టిగా లాగితే ఏమవుతుంది?

ఎడ్ల బండి తోలిన రైతుకు ఒక సంగతి తెలుసు. బండి వాలులో దిగుతున్నప్పుడు బరువంతా కాడి మీదికి, ఎద్దుల మెడల మీదికి వస్తుంది. బండి వెనక భాగం తేలికైనట్టవుతుంది. మోటారు బండికి బ్రేకు వేసినప్పుడు జరిగేదీ ఇంచుమించు ఇదే. బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది, వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. సరిగ్గా ఆ తేలికైన వెనక చక్రాలనే హ్యాండు బ్రేకు పట్టుకుంటుంది.

వేగంగా పోతున్న బండిలో దాన్ని ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు తిరగడం మానేసి, బిగుసుకుపోయి, రోడ్డు మీద జారడం మొదలు పెడతాయి. తిరుగుతున్న చక్రానికి మాత్రమే దారి తప్పకుండా నిలబడే శక్తి ఉంటుంది. జారుతున్న చక్రం పక్కకు కూడా అంతే సులభంగా జారుతుంది. ముందు చక్రాలు రోడ్డును పట్టుకుని ఉంటాయి, వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. బండి గిర్రున తిరిగి ఎదురు వచ్చే వాహనానికి అడ్డం పడడమో, రోడ్డు దిగి పల్టీ కొట్టడమో జరుగుతుంది. వాన పడి తడిసిన రోడ్డు మీద, కంకర పరిచిన చోట, మలుపులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎత్తుగా సరుకు వేసుకున్న మినీ లారీకీ, మూడు చక్రాల ఆటోకూ ఇంకా ఎక్కువ.

సినిమాల్లో కారును హ్యాండు బ్రేకుతో గిరుక్కున తిప్పడం చూసి, కుర్రవాళ్ళు ఖాళీ రోడ్ల మీద ఆ విన్యాసం చేసి సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకోవడం ఇటీవల వింత కాదు. సినిమాలో ఆ పని చేసేవాడు శిక్షణ పొందినవాడు. రోడ్డును ముందుగానే మూసి, జనాన్ని దూరంగా ఉంచి చేస్తాడు. ఊరి రోడ్డు మీద అడ్డం వచ్చే గొర్రెల మందకు, సైకిలు మీద బడికి పోయే పిల్లకు ఇది షూటింగని తెలియదు.

ఇక ఆపే శక్తి సంగతి. పొడి తారు రోడ్డు మీద, మంచి టైర్లు ఉన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు కాలి బ్రేకు గట్టిగా తొక్కితే సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. వెనక చక్రాలను మాత్రమే పట్టుకునే హ్యాండు బ్రేకుతో ఆపాలంటే అందుకు మూడు రెట్ల దూరం, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పడుతుంది. పైగా డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి చేయి కదిపే ఒక్క సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు, అంటే 55 అడుగులు ముందుకు పోయి ఉంటుంది. కాలి బ్రేకు బాగా ఉండగా దాన్ని వదిలి హ్యాండు బ్రేకు లాగేవాడు పెద్ద కర్ర పారేసి చిన్న కర్ర పట్టుకున్నట్టే.

దర్శి కాలువ నేర్పిన పాఠం

2023 జూలైలో ఒక అర్ధరాత్రి వేళ, పొదిలి నుంచి పెళ్ళి బృందంతో కాకినాడకు బయలుదేరిన బస్సు దర్శి వద్ద సాగర్ కాలువలో పడి ఏడుగురు మరణించిన దుర్ఘటన ఈ ప్రాంత ప్రజలకు విదితమే. పొదిలి ఆ రోజును ఇంకా మరచిపోలేదు. ఎదురుగా వచ్చిన వాహనాన్ని తప్పించబోవడం, వేగం, నిద్రమత్తు అంటూ అప్పట్లో పలు కారణాలు వినిపించాయి. అలాంటి ఘడియలో ఏ లీవరు లాగినా లాభం ఉండదని గుర్తించాలి. కాలువ గట్టుకూ బండికీ మధ్య ఉన్న కాలం ఒకటి రెండు సెకన్లే అయినప్పుడు, డ్రైవరు చేయి స్టీరింగు వదిలి హ్యాండు బ్రేకు దాకా పోయేలోపే అంతా అయిపోతుంది. అటువంటి ప్రమాదాలకు మందు ముందే వేయాలి. అది వేగం తగ్గించడం, రాత్రి ప్రయాణాల్లో డ్రైవరుకు విశ్రాంతి ఇవ్వడం, కాలువ వంతెనల వద్ద గోడలు గట్టిగా ఉంచడం.

హ్యాండు బ్రేకుకు పని పడేది ఇంకొక రకం ప్రమాదంలో. ఘాటు రోడ్డు మీద కాలి బ్రేకు నెమ్మదిగా శక్తి కోల్పోయి, పెడలు మెత్తబడి, చివరకు నేలకు తగిలేటప్పుడు. ఈ రకం ప్రమాదంలో కొన్ని సెకన్లయినా వ్యవధి ఉంటుంది. ఏం చేయాలో తెలిసినవాడు ఆ వ్యవధిలో ప్రాణాలు కాపాడగలడు.

ఘాటులో బ్రేకు ఎందుకు పోతుంది?

పొదిలి చుట్టుపక్కల నేల చాలావరకు చదునే అయినా, ఇక్కడి బండ్లు ఎక్కే ఘాట్లు తక్కువేమీ కావు. దోర్నాల నుంచి శ్రీశైలం వరకు సుమారు 50 కిలోమీటర్ల నల్లమల రోడ్డు ఉంది. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్ళే దారి కూడా అడవి కొండల మీదుగానే సాగుతుంది. శివరాత్రికి, కార్తీక మాసానికి ఈ ప్రాంతం నుంచి మినీ వ్యాన్లలో, ఆటోల్లో, చివరకు ట్రాక్టర్లలో కూడా శ్రీశైలం వెళ్ళేవారు ఎందరో. ఏడాదంతా చదును నేల మీద తిరిగిన బండి, ఆ అలవాటే ఉన్న డ్రైవరు ఒక్కసారిగా ఘాటులోకి దిగడంలోనే చిక్కంతా ఉంది.

బ్రేకు పడినప్పుడల్లా చక్రంలో రాపిడి వల్ల వేడి పుడుతుంది. చదును రోడ్డులో ఎప్పుడో ఒకసారి బ్రేకు పడుతుంది గనుక ఆ వేడి గాలికి చల్లారిపోతుంది. ఘాటులో మైళ్ళ తరబడి బ్రేకు మీద కాలు పెట్టి దిగితే చల్లారే అవకాశమే ఉండదు. డ్రమ్ములు కాలిపోయి లైనర్లు పట్టు తప్పుతాయి. ఆ వేడికి బ్రేకు ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. నూనె నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడలు స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా కిందికి పోతుంది, చక్రం మాత్రం ఆగదు. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ళ తరబడి మార్చని ఆయిలు తక్కువ వేడికే మరుగుతుంది. సాధారణంగా రెండేళ్ళకొకసారి దాన్ని మార్చాలని కంపెనీలు చెప్పడానికి కారణం ఇదే. ఆయిలు తగ్గినప్పుడు పైన కాస్త పోసి సరిపెట్టుకోవడమే మన దగ్గర ఆనవాయితీ.

దీనికి తోడు డీజిలు పొదుపు పేరుతో వాలులో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఒకటి ఉంది. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. గేరు తీస్తే ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఈ కాలపు ఇంజన్లలో గేరు వేసి ఎక్సిలరేటరు వదిలి దిగితే ఇంజనుకు ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆరిపోకుండా తిరగడానికి ఇంధనం పడుతూనే ఉంటుంది. అంటే ప్రాణం పణంగా పెట్టి చేసే ఆ పొదుపు కూడా పొదుపు కాదు. ఇంజను ఆపి దొర్లించేవారి పరిస్థితి మరీ ఘోరం. బ్రేకుకు, స్టీరింగుకు అందే సాయం రెండూ పోతాయి. తాళం చెవి బయటికి తీస్తే స్టీరింగు బిగుసుకుపోయే ప్రమాదమూ ఉంది.

2018 సెప్టెంబరు 11న తెలంగాణలోని కొండగట్టు ఘాటు రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. ఆ బస్సులో 100 మందికి పైగా ఉన్నట్టు అప్పట్లో వెల్లడయింది. బ్రేకులు పని చేయలేదన్న మాట కూడా వినిపించింది. కారణాల చర్చ ఎలా ఉన్నా ఒక లెక్క మాత్రం స్పష్టం. 50 మందిని ఆపడానికి చాలే బ్రేకు, 100 మందితో వాలులో దిగేటప్పుడు అంతకంటె ఎంతో ఎక్కువ వేడిని భరించవలసి వస్తుంది. ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో పదిమంది కూలీలను ఎక్కించే మన ఊళ్ళకు ఈ లెక్క వర్తించదని అనుకోవడానికి లేదు.

ట్రాక్టరు, ట్యాంకరు, లారీ

పడమటి మండలాల్లో నీటి ఎద్దడి వల్ల ట్యాంకర్ల రాకపోకలు ఎక్కువ. ట్రాక్టరు వెనక 5 వేల లీటర్ల నీరు పోతున్నదంటే 5 టన్నుల బరువు తోసుకు వస్తున్నదన్న మాట. మన ట్రాలీలకు, ట్యాంకర్లకు చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ఆ బరువంతా ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా నీళ్ళు ముందుకు కొట్టుకుని ఇంకొక తోపు తోస్తాయి.

ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేరు వేరు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. దుక్కిలో చాలు చివర మలుపు తిప్పడానికి ఒక పక్క బ్రేకే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్ళనూ కలిపి బిగించే పట్టీ వేయాలి. అది వేయకుండా రోడ్డు మీద వేగంగా పోతూ ఒక పెడలు తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగి తిరగబడుతుంది. చేలోంచి రోడ్డెక్కేటప్పుడు ఈ ఒక్క పట్టీ సంగతి చూసుకుంటే పోయే ప్రాణాలు కొన్నయినా నిలుస్తాయి.

చీమకుర్తి రాళ్ళు మోసే లారీలు, పొగాకు బేళ్ళు తెచ్చే పెద్ద లారీలు, బస్సులు గాలి ఒత్తిడి మీద బ్రేకులు వేస్తాయి. వీటిలో హ్యాండు బ్రేకు పని తీరు వేరు. లోపల ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి ఆ స్ప్రింగును అణచిపెట్టి ఉంచినంతసేపే బండి కదులుతుంది. గాలి తగ్గిపోతే స్ప్రింగు విచ్చుకుని బ్రేకు దానంతటదే పడుతుంది. పొద్దున్నే గాలి ఎక్కే దాకా లారీ కదలకపోవడానికి కారణం ఇదే. చెడిన బండిని లాక్కుపోవడానికి వీలుగా ఆ స్ప్రింగును ఒక బోల్టుతో వెనక్కి బిగించే ఏర్పాటు ఉంటుంది. అలా బిగించిన బండిని సరుకుతో రోడ్డు మీద తిప్పడం చివరి రక్షణను చేతులారా తీసివేసుకోవడమే.

కొన్ని పాత జీపుల్లో హ్యాండు బ్రేకు చక్రాలను కాక గేరు బాక్సు వెనక తిరిగే షాఫ్టును పట్టుకుంటుంది. పరుగులో దాన్ని గట్టిగా లాగితే షాఫ్టు జాయింట్లు విరిగే ప్రమాదం ఉంది. ఖరీదైన కొత్త కార్లలో లీవరు పోయి బొత్తాము వచ్చింది. చాలా కార్లలో ఆ బొత్తామును పట్టి ఉంచితే యంత్రమే చక్రాలు బిగుసుకుపోకుండా చూసుకుంటూ బండిని ఆపుతుంది. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. అయితే కేబులుతో పని చేసే మామూలు హ్యాండు బ్రేకుకు ఆ రక్షణ ఉండదన్న సంగతి కారు యజమానులు గుర్తుంచుకోవాలి.

కాలి బ్రేకు పోతే ఏం చేయాలి?

కాలి బ్రేకు పోయిందని తెలియగానే చేయవలసిన పనులకు ఒక వరస ఉంది. మొదట పెడలును వదిలి వదిలి గబగబా తొక్కాలి. కొన్నిసార్లు ఒత్తిడి కొంతైనా తిరిగి వస్తుంది. వెంటనే గేర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ రావాలి. నాలుగు నుంచి ఒకేసారి ఒకటికి దూకకూడదు. గేరు పడక న్యూట్రల్‌లో మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఎట్టి పరిస్థితిలోనూ ఇంజను ఆపకూడదు. హారను మోగిస్తూ, లైట్లు వేసి ఎదుటివారిని హెచ్చరించాలి.

హ్యాండు బ్రేకు వంతు ఆ తరువాత వస్తుంది. స్టీరింగు తిన్నగా ఉన్నప్పుడే దాన్ని వాడాలి, మలుపులో వాడకూడదు. లీవరు చివరి బొత్తామును బొటనవేలితో నొక్కిపెట్టి ఉంచాలి. బొత్తాము నొక్కి ఉంచితే లీవరు పళ్ళలో పడి బిగిసిపోదు, కావలసినప్పుడు వదలవచ్చు. లీవరును కొద్దికొద్దిగా పైకి లాగాలి. వెనక భాగం పక్కకు జారుతున్నట్టు అనిపిస్తే వెంటనే కాస్త వదిలి, బండి తిన్నబడిన తరువాత మళ్ళీ లాగాలి. ఇలా లాగుతూ వదులుతూ వేగం తగ్గించాలి. ఎగువ దారి, ఇసుక, పొదలు, చేను ఏది దొరికితే అటు మళ్ళించాలి. ఘాటులో లోయ పక్కకు కాక కొండ పక్కకు ఉండడం మంచిది. కొండ గట్టుకు రాసుకుని ఆగిన బండికి రేకు పోతుంది, మనిషి మిగులుతాడు. బండి ఆగాక చక్రం కింద రాయి పెట్టవచ్చు. రాయికి తగిన స్థానం అది.

పక్కన కూర్చున్నవారు భయపడి తామే హ్యాండు బ్రేకు లాగడం మాత్రం ఎన్నడూ చేయరాదు. డ్రైవరు స్టీరింగు ఎటు తిప్పుతున్నాడో వారికి తెలియదు. ముందు సీట్లో పిల్లలను కూర్చోబెట్టి లీవరుతో ఆడుకోనివ్వడం అంతకంటె తప్పు.

ఇంకొక పొరపాటు కూడా తరచు జరుగుతోంది. హ్యాండు బ్రేకు దించడం మరచి బండి నడుపుతారు. బండి బరువుగా లాగుతుంది, కాలిన వాసన వస్తుంది, ముందు పలక మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. నాలుగైదు కిలోమీటర్లు అలాగే పోతే వెనక డ్రమ్ములు వేడెక్కి, అవసరమైనప్పుడు కాలి బ్రేకు కూడా సరిగా పట్టదు. అటువంటప్పుడు బండి ఆపి చల్లారనివ్వాలి. వేడి డ్రమ్ముల మీద నీళ్ళు పోయకూడదు, పోస్తే పగులుతాయి.

చట్టం ఉంది, చూసేవారేరి?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 96వ నిబంధన ప్రకారం మోటారు సైకిలు, ట్రైలరు వంటి కొన్ని తప్ప ప్రతి మోటారు వాహనానికీ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకుల ఏర్పాట్లు సక్రమంగా ఉండాలి. ఒకటి కాలితో వేసేది, రెండవది బండి నిలిపినప్పుడు వేసేది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షను, డ్రైవరు సీట్లో లేనప్పుడు బండి దానంతటది కదలకుండా ఇంజను ఆపి బ్రేకు వేయడం వంటి జాగ్రత్తలు తీసుకోవాలని ఆదేశిస్తోంది. అంటే హ్యాండు బ్రేకు పని చేయని బండి రోడ్డెక్కడమే నిబంధనలకు విరుద్ధం. చక్రం కింద పెట్టిన రాయి దారిన పోయే ఏ అధికారికైనా కనిపించే సాక్ష్యం.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మన పల్లెల్లో నేటికీ "బ్రేకు ఇన్‌స్పెక్టరు" అనే పిలుస్తారు. ఆ ఉద్యోగంలో అన్నిటికంటె ముఖ్యమైన పని ఏదో జనం ఆ పేరులోనే చెప్పారు. రోడ్డు మీద తనిఖీలంటే కాగితాలు, పర్మిట్లు, జరిమానాలే కాకుండా, బండిని వాలులో నిలిపి హ్యాండు బ్రేకు వేయించి చూడడం కూడా అందులో భాగం కావాలి. కిరాయికి తిరిగే వాహనాలకు ఎనిమిదేళ్ళు వచ్చేవరకు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తీసుకోవాలి. అయితే హ్యాండు బ్రేకు కేబులు సర్టిఫికెట్టు కాలం చూసి సాగదు. దుమ్ము, బురద పట్టే మన రోడ్ల మీద అది ఎప్పుడైనా తుప్పు పట్టి బిగుసుకోవచ్చు, తెగవచ్చు. సొంత కార్ల సంగతి మరీ అన్యాయం. రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది గనుక ఆ మధ్యలో బ్రేకు బాగుందో లేదో యజమాని చూసుకోవలసిందే తప్ప అడిగేవారు లేరు.

డ్రైవర్ల ఇబ్బందులను కూడా కాదనలేము. రోజు కిరాయి కట్టి ఆటో నడిపే కుర్రవాడికి బండిని ఒక పూట మెకానిక్కు దగ్గర వదలడమంటే ఆ పూట కూలి పోవడమే. కాలి బ్రేకు పాడైతే వెంటనే బాగు చేయిస్తాడు, అది లేకుండా బండి నడవదు గనుక. హ్యాండు బ్రేకు లేకపోయినా బండి నడుస్తుంది గనుక వాయిదా వేస్తాడు. కాని కేబులు, లైనర్ల ఖర్చు ఎంతైనా ఒక ప్రమాదం తెచ్చే ఖర్చుతో పోల్చదగినది కాదు. చాలాసార్లు కేబులు బిగించి, గ్రీజు పెడితే సరిపోతుంది. బండి యజమాని వేరు, నడిపేవాడు వేరు అయినచోట ఈ ఖర్చు యజమాని భరించడమే న్యాయం.

బడి పిల్లలను ఆటోల్లో పంపే తల్లిదండ్రులు, కూలీలను చేలకు తరలించే మేస్త్రీలు, యాత్రకు బండి మాట్లాడుకునే పెద్దలు బేరం ఆడేటప్పుడు ఒక్క మాట అడగడం నేర్చుకోవాలి. "అన్నా, వాలులో ఆపి హ్యాండు బ్రేకు వేసి చూపించు" అంటే సరిపోతుంది. ఇంజను ఆపి, గేరు తీసి, హ్యాండు బ్రేకు ఒక్కటే వేసినప్పుడు బండి కదలకుండా నిలిస్తే ఆ బండి ఎక్కవచ్చు. ఆ కాసేపు ఎవరూ బండికి ముందూ వెనకా నిలబడకూడదు, డ్రైవరు కాలు కాలి బ్రేకు దగ్గరే ఉండాలి. ఈ పరీక్షకు ఒక్క నిమిషం కూడా పట్టదు, పైసా ఖర్చు కాదు. శివరాత్రి యాత్రలు మొదలయ్యే ముందు, బడులు తెరిచే ముందు రవాణా శాఖ, పోలీసు శాఖ పొదిలి, మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు, దోర్నాలలో ఈ పరీక్షే బహిరంగంగా జరిపితే ఎన్ని బండ్లు నిలుస్తాయో, ఎన్ని జారతాయో జనమే చూస్తారు. అధికారులు ఆ చొరవ చూపవలసిన అవసరం ఎంతైనా ఉంది.